రే పల్లంలో కూసిన పెట్ట

ఆ పల్లంలోకి లేళ్ళు కూడా దిగవంటారు.

ఇది ట్రాయ్ అనే ఊళ్ళోని తెలుగు చర్చ్ పార్కింగ్ లాట్‌లో, ఆరాధన అయిపోయాక, కార్లకి ఆనుకుని చెప్పుకునే కథ. గట్టిగా చెప్పరు. ఆడవాళ్ళు దగ్గరికి వస్తే మాట మార్చేస్తారు. నేను విన్నది విన్నట్టు చెప్తున్నాను.

ట్రాయ్ నుంచి ఉత్తరంగా మూడు నాలుగు గంటలు డ్రైవ్ చేస్తే హైవే అయిపోయి కంకరరోడ్డు వస్తుంది. కంకరరోడ్డు అయిపోయి మట్టిబాట వస్తుంది. ఆ బాట కొసన వెర్న్, లొరెట్టా అనే ముసలి దంపతుల ఫారమ్ ఒకటుంది. దాని వెనకాల అడవి. అడవి నడిమధ్యలో, ఎవరో బొటనవేలితో నొక్కినట్టు నేల లోపలికి దిగిపోయిన చోటుంది… అదే రే పల్లం.

పల్లం నిండా బీచ్ అనే జాతి చెట్లు. వాటికో పాడు అలవాటు — ఆకులు ఎండిపోయినా రాల్చవు. శీతాకాలమంతా, మంచు కరిగి వసంతం వచ్చేదాకా, పాలిపోయిన ఆ ఆకుల్ని అలాగే పట్టుకుని ఉంటాయి. గాలి వీస్తే గలగలమని కాదు… గుసగుసమని శబ్దం. పక్కగదిలో ఎవరో మన గురించే మాట్లాడుకుంటున్నట్టు.

రే అనేవాడు అక్కడే పోయాడు. ముప్పై ఏళ్ళ నాటి మాట.

అడవి టర్కీ కోళ్ళని పిలవడంలో రేని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడంట. టర్కీ వేటంటే తరిమి కొట్టేది కాదు. తెల్లారకముందే చీకట్లో వెళ్ళి, ఆకులరంగు బట్టలు వేసుకుని, మొహానికి ముసుగు కట్టుకుని, చెట్టుకి వీపు ఆనించి కదలకుండా కూర్చోవాలి. రబ్బరు పొర బిగించిన చిన్న బిళ్ళ ఒకటి అంగిలికి ఆనించుకుని పెట్టలాగా కూయాలి. క్యావ్… క్యావ్… క్యావ్… ఎక్కడో కొమ్మ మీద కునుకు తీస్తున్న పుంజు ఆ గొంతు వింటుంది. నన్నెవరో రమ్మంటున్నారని పొంగిపోతుంది. చెట్టు దిగి, తోక విసనకర్రలా విప్పుకుని, దానంతట అదే నడిచొస్తుంది. చావు దగ్గరికి… పెళ్ళికొడుకులా.

ఆ రోజు రే అలాగే కూస్తూ కూర్చున్నాడు. ఎంత బాగా కూశాడంటే — ఇంకో వేటగాడు అది విని, పెట్ట ఉన్నచోట పుంజు ఉండకపోదనుకుని, పొదల చాటున పాక్కుంటూ వచ్చి, కదిలిన నీడని కాల్చేశాడు.

నేను మనిషిని అని అరవడానికి రే నోరు ఖాళీగా లేదు. బిళ్ళ నోట్లో ఉండగానే ప్రాణం పోయింది.

కాల్చినవాడు శవాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఎవడో ఈ రోజుకీ తెలీదు.

అప్పట్నుంచీ ప్రతి వసంతంలో, ఇంకా వెలుగు రాకముందు, ఒక్క కోడి కూడా ఉండని ఆ పల్లంలోంచి పెట్ట కూత వినిపిస్తుంది. నోట్లో బిళ్ళతో పోయినవాడికి మనిషి మాట రాదు కదా… చివరికి మిగిలిన గొంతే వస్తుంది.

"అది కూస్తే మనం తిరిగి కూయకూడదంట," అన్నాడు జూడ్, ఆ ఫారమ్‌కే కార్ నడుపుతూ, స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ. "మనిషి మాట మాట్లాడాలంట. నేను ఫలానా అని పేరు చెప్పాలంట. అప్పుడు వదిలేస్తదంట."

పక్క సీట్లో అతని స్నేహితుడు నోయెల్ నవ్వాడు. "తెలుగులో చెప్తే అర్థమవుద్దా దానికి?"

"ఆఫీస్‌లో ఫోనెత్తి ఇంగ్లీషులో చెప్తావు చూడు, ముక్కుతో… అలా చెప్పు."

"నీ పేరు చెప్తాను. నిన్ను తీసుకుపోద్ది."

"నన్నెవరు తీసుకెళ్తారు బ్రదర్, రెండు మ్యాట్రిమొనీ సైట్లలో పెట్టినా దిక్కు లేదు," అన్నాడు జూడ్. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ రే ఎవరనుకున్నావ్? లొరెట్టా ఆంటీ మొదటి మొగుడు. వెర్న్ అంకుల్ రే స్నేహితుడు. రే పోయిన కొన్నాళ్ళకి వీళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు."

నోయెల్ నవ్వు ఆగిపోయింది. "మరి ఆవిడ ఇంకా ఆ అడవి పక్కనే ఉంటుందా?"

"ఎక్కడికి పోద్ది? ఇల్లు ఆవిడదే."

నిజానికి నోయెల్ ఆ కార్‌లో ఉండకూడదు. ఆ సాయంత్రం అతను వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో ఉండాలి. అంటే… అతని భార్య పర్సిస్‌కి తెలిసినంతవరకు.

పర్సిస్‌కి ఆరో నెల. అంతకుముందు ఒకటి మూడో నెల్లోనే పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. తొందరపడి కొన్న బుల్లి సాక్సుల జత మాత్రం క్లాజెట్‌లో పై అరలో, అటు పడేయలేక ఇటు చూడలేక, అలాగే ఉంది. ఈసారి కబురు తెలియగానే నర్సాపురం నుంచి పర్సిస్ వాళ్ళమ్మ వసంతకుమారి వచ్చేసింది. వచ్చిన రోజే గ్యారేజ్‌లో అల్లుడి తుపాకీ చూసి గుమ్మంలో నిలబడిపోయింది.

"కడుపుతో ఉన్న పిల్ల మొగుడు జీవాన్ని చంపకూడదు బాబూ. మా వైపు పామొచ్చినా పక్కింటోళ్ళని పిలుస్తారు గానీ మొగుడి చేత కొట్టించరు. ఆ ఉసురు లోపలున్నదానికి తగులుద్ది."

"ఇది బైబిల్‌లో లేదు కదండీ అత్తయ్యగారూ."

"బైబిల్‌లో ఆవకాయ కూడా లేదు. మానేశారా?"

పర్సిస్ పడీపడీ నవ్వింది. కానీ ఆ రాత్రి నోయెల్ చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. "నాకు ఇలాంటివి నమ్మకం లేదు నోయెల్. భయం మాత్రం ఉంది. ఈ ఒక్క సీజన్ వద్దు."

చెయ్యి అక్కడే ఉంచి సరే అన్నాడు. మర్నాడే తుపాకీ తీసుకెళ్ళి జూడ్ ఇంట్లో పెట్టేశాడు.

పెట్టేశాడు గానీ… కూత వదల్లేదు.

అతనికి అది దేవుడిచ్చిన విద్యలా వచ్చింది మరి. జూడ్ ఎన్నేళ్ళు వేటాడినా అతను కూస్తే కార్ ఇంజన్‌లో బెల్టు జారి కీచుమన్నట్టు ఉంటుంది. నోయెల్ మొదటిసారి బిళ్ళ నోట పెట్టిన రోజే, కొండ అవతలి నుంచి పుంజు పలికింది. గొబగొబగొబగొబ అని. ఒళ్ళు జలదరించింది అతనికి. కాలేజీలో ఒక్క ప్రేమలేఖ రాయడం రానివాడు, పెద్దలు చూపించిన సంబంధం చేసుకున్నవాడు. చీకట్లోకి ఒక్క పిలుపు పిలిస్తే, ఎక్కడో ఒక ప్రాణి నిద్ర మానుకుని, వస్తున్నా వస్తున్నా అని జవాబివ్వడం… ఆ మత్తు ఏం చెప్పను. ఆ చలికాలమంతా ఆఫీస్‌కి వెళ్తూ కార్‌లో కూశాడు. షవర్ తిప్పుకుని ఆ చప్పుడులో కూశాడు.

"నాకు చంపడం ఇష్టం లేదురా. పలికించడం ఇష్టం," అన్నాడొకరోజు జూడ్‌తో.

"అయితే గొడవేముంది? నువ్వు పిలు, నేను కాలుస్తా. నీ చేతికి నెత్తురంటదు. మీ అత్తయ్యగారి మాటా తప్పినట్టు కాదు."

ఆ మాట నోయెల్‌కి తేనెలా దిగింది. నిజమే కదా. పిలిచినవాడు చంపినట్టు ఎలా అవుతుంది?

తప్పు కానప్పుడు అబద్ధం ఎందుకు ఆడాల్సొచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

హెర్న్‌డన్‌లో క్లయింట్ డెమో ఉంది, గురువారం వెళ్ళి శుక్రవారం రాత్రికి వచ్చేస్తానన్నాడు. పర్సిస్ నిలబడలేక నిలబడలేక ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది. వసంతకుమారి డబ్బా నిండా సున్నుండలు పెట్టింది. గుమ్మం దాటబోతుంటే ఆపి, అల్లుడి తల మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది — ప్రభువా, ఆ విమానం రెక్కల కింద నీ చేతులుంచు అని.

ఆ ప్రార్థన ఏ విమానానికి చేరిందో.

జూడ్ కార్ ట్రంక్‌లో లాప్‌టాప్ బ్యాగ్, ఇస్త్రీ చొక్కా, సున్నుండల డబ్బా. వాటి పక్కన రెండు తుపాకులు.

"నాదెందుకు వేశావ్?" అన్నాడు నోయెల్.

"ఊరికే. అడవిలో ఉత్త చేతులతో కూర్చుంటే పిచ్చోడిలా ఉంటావ్."

తీసెయ్ అనలేదు నోయెల్.

చీకటి పడేవేళకి ఫారమ్ చేరారు. వరండాలో లొరెట్టా నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి, కానీ వెన్ను వంగలేదు. తెల్లటి జడ భుజం మీంచి ముందుకి వేసుకుంది. మూల కుర్చీలో వెర్న్ ఉన్నాడు. తెల్లగడ్డం, ఒళ్ళో చేతులు. తన చేతుల్ని తనే చూసుకుంటూ కూర్చున్నాడు. పలకరిస్తే తలూపాడంతే.

లొరెట్టా కాఫీ ఇస్తూ నోయెల్ వేలికున్న ఉంగరం చూసింది. "మీ ఆవిడ ఏమీ అనదా, హనీ, ఇలా వస్తే?"

"అనదు మేమ్. తనే వెళ్ళిరమ్మంది."

జూడ్‌కి కాఫీ పొలమారింది.

లొరెట్టా ఇంకా ఏదో అడుగుతుందేమోనని నోయెల్ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ అడగలేదు. "అడవంతా మీ ఇష్టం," అంది, గొంతు బాగా తగ్గించి. "ఆ పల్లంలోకి మాత్రం దిగకండి. ఏం వినిపించినా… దిగకండి."

వెర్న్ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

కొట్టం మీది గదిలో పడుకున్నారు ఇద్దరూ. నోయెల్‌కి నిద్ర పట్టలేదు. ఫోన్ తీసి చూస్తే సిగ్నల్ లేదు. బయట గేటు దగ్గరే వస్తుందని లొరెట్టా చెప్పింది. గేటు దాకా వెళ్ళి, చేరుకున్నానని పర్సిస్‌కి ఒక మెసేజ్ పెడదామనుకున్నాడు. ఎక్కడికి చేరుకున్నట్టు… లేవలేకపోయాడు.

ఇంకా చీకటి ఉండగానే లేచారు. తీరా బయల్దేరేసరికి, దారిలో గ్యాస్ స్టేషన్‌లో తిన్న బరీటో జూడ్ కడుపులో తిరగబడింది.

"నువ్వెళ్ళి గట్టు మీద కూర్చో. పిలుస్తా ఉండు. నేనొస్తా," అన్నాడు బాత్‌రూమ్ తలుపు అవతల్నుంచి, మూలుగుతూ.

"నువ్వు లేకుండా పిలిచి ఏం చెయ్యను?"

"వెళ్ళరా బాబూ… ఇక్కడ నిలబడి నన్ను వినొద్దు."

అలా నోయెల్ ఒక్కడే బయల్దేరాడు. భుజాన తుపాకీ. ఊరికే.

అడవిలో కాలు పెడితే సన్నటి మంచు పొర కింద ఆకులు పటపటమంటున్నాయి. దూరంగా చిత్తడిలో కప్పలు. ఆకాశం ఒకవైపు మాత్రం ఉతికి ఉతికి వెలిసిన బట్టలా ఉంది. గట్టు మీద ఒక ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాడు. గట్టు కింద… పల్లం. అక్కడ ఇంకా రాత్రే. బీచ్ ఆకులు గుసగుసమంటున్నాయి.

బిళ్ళ నోట పెట్టుకున్నాడు. పిలిచాడు.

క్యావ్… క్యావ్… క్యావ్…

గొబగొబగొబగొబ.

దగ్గర్లోనే. నోయెల్ గుండె ఎగిసిపడింది. మళ్ళీ పిలిచాడు, ఇంకొంచెం మెత్తగా, ఇంకొంచెం బతిమాలుతున్నట్టు. రెక్కల చప్పుడైంది. పుంజు చెట్టు దిగింది. ఆకుల మీద అడుగులు… ఆగుతూ, నడుస్తూ, ఆగుతూ. వస్తోంది. తన కోసమే.

అప్పుడు కింద నుంచి వినిపించింది.

క్యావ్…

నోయెల్ పిలవడం ఆపేశాడు.

క్యావ్… క్యావ్…

తన కూత దాని ముందు ఆటబొమ్మ కూతలా ఉంది. అందులో తొందర లేదు. బతిమాలడం లేదు. అన్నం వడ్డించి, వంటింట్లోంచి ఒక ఆడమనిషి పిలిస్తే ఎలా ఉంటుంది… అలా ఉంది. వస్తావు, నాకు తెలుసు, అన్నట్టు.

పుంజు అడుగులు ఆగిపోయాయి. వెనక్కి తిరిగాయి. పల్లంలోకి దిగిపోయాయి.

పేరు చెప్పాలి. మనిషి మాట మాట్లాడాలి. నోయెల్ నాలుకతో బిళ్ళని పక్కకి తోశాడు. 'నేను నోయెల్‌ని' అనబోయాడు… రాలేదు. నోయెల్ హెర్న్‌డన్‌లో ఉన్నాడు కదా. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏదో హోటల్ గదిలో నిద్రపోతున్నాడు. అతని విమానం కోసం ప్రార్థన కూడా అయింది. మరి ఈ చెట్టు కింద కూర్చున్నది ఎవరు? ఏం పేరు చెప్పాలి?

చెప్పలేకపోయాడు. దానికి బదులు — ఎందుకు చేశాడో తనకే తెలీదంట — తిరిగి కూశాడు.

కింద నుంచి వెంటనే జవాబొచ్చింది. మెత్తగా. ఎదురు చూస్తున్నట్టు.

నోయెల్ లేచాడు. వేటలో కూత వెంబడి పోకూడదు, అది మొదటి పాఠం. కూసేది మనిషి కావచ్చు. అది అతనికి తెలుసు, జూడ్ నూరుసార్లు చెప్పాడు. అయినా కాళ్ళు దిగుతున్నాయి. భుజాన ఉండాల్సిన తుపాకీ చేతుల్లోకి ఎప్పుడొచ్చిందో…

పల్లంలో గాలి లేదు. అయినా ఆకులు ఆగలేదు.

అన్నిటికన్నా పెద్ద బీచ్ చెట్టు మొదట్లో… నల్లగా ఒక ముద్ద. కదిలింది. పైన ఎరుపు. ఎరుపు కింద తెలుపు. పుంజు తల రంగులు. తోక విప్పుకుని నిలబడిన పెద్ద పుంజు.

ఆ చెట్టు వెనక నుంచి కూత ఇప్పుడు గురగురలా మారింది. గొంతులోనే, పెదాలు కదపకుండా, ర్‌ర్‌ర్‌… ర్‌ర్‌ర్‌… అని. రా, ఇంకొంచెం, అంతే, అన్నట్టు.

నోయెల్ తుపాకీ ఎత్తాడు. సేఫ్టీ మీట జరిపాడు. పిలవడం వరకే అనుకున్నవాడు, చేతికి నెత్తురు అంటకూడదు అనుకున్నవాడు — వేలు ట్రిగ్గర్ మీద పెట్టాడు. ఆ క్షణం అతనికి ఎవరూ గుర్తు రాలేదు. పర్సిస్ రాలేదు. దేవుడు రాలేదు.

అప్పుడు, తుపాకీ కింద ఆనించిన ఎడమ అరచేతిలో… ఎవరో తన్నారు.

చిన్న తాపు. ఈ మధ్యే, ఒక ఆదివారం మధ్యాహ్నం, పర్సిస్ పొట్ట మీద చెయ్యి పెడితే మొట్టమొదటిసారి తెలిసిన తాపు. అచ్చం అదే, అరచేతిలో అదే చోట.

గొట్టం పక్కకి జారింది. బిళ్ళ ఉమ్మేశాడు నోయెల్.

"నేను… నేను నోయెల్‌ని," అన్నాడు. తెలుగులోనే అన్నాడు. 

నల్లటి ముద్ద మాట్లాడింది.

"కాల్చు నాయనా," అంది ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా. "ఎందుకాగావు?"

నోయెల్ తుపాకీ భుజానికి తగిలించి, దగ్గరికెళ్ళి చూశాడు. వెర్న్. ఎర్ర టోపీ, దాని కింద తెల్లగడ్డం. టర్కీ సీజన్‌లో, పుంజు తలనుకుని కాలుస్తారేమోనని, ఎరుపు రంగు జేబురుమాలు కూడా బయటికి తీయరు ఎవరూ. ఈయన టోపీ పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరా… మీరా కూసింది? ఈ చీకట్లో, ఆ టోపీతో… నేను చంపేసేవాణ్ణి."

"నేను కూయను." వెర్న్ నోరు తెరిచి చూపించాడు. లోపల ఒక్క పన్ను లేదు. "బిళ్ళ నిలవదు. అసలు ఆ రోజు తర్వాత ముట్టుకోలేదు. కూసేది రే. రమ్మంటాడు… వస్తాను."

"ఆయన మిమ్మల్ని ఎందుకు రమ్మంటాడు?"

ముసలాయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"కాల్చింది నేనే."

ఆకులు గుసగుసమన్నాయి.

"పెట్ట అనుకుని వచ్చాను. ఏదో కదిలింది. కాల్చాను. దగ్గరికెళ్ళి చూసి… పరిగెత్తాను. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను చెప్దామని. లొరెట్టా నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. రేపు చెప్తానులే అనుకున్నాను." వెర్న్ టోపీ ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. "ఆ రోజే చెప్పుంటే అది పొరపాటు. మర్నాటికి అబద్ధం అయింది. ఆ తర్వాత… ఆ అబద్ధమే మేమిద్దరం కాపురం ఉండే ఇల్లయింది, నాయనా. దాన్ని పడగొడితే ఆమెకి ఉండడానికి ఏం మిగులుద్ది?"



క్యావ్…

చెట్టు వెనకే. చెయ్యి చాపితే అందేంత దగ్గర.

ఇద్దరూ విన్నారు. వెర్న్ కళ్ళు మూసుకుని, దెబ్బ కోసం చూస్తున్నవాడిలా తల వంచాడు. నోయెల్ ఆయన చంక కింద చెయ్యి వేసి లేపాడు. చెట్టు వైపు చూడలేదు. చూస్తే ఇంక కాళ్ళు కదలవని తెలుసు. ముసలాయన్ని సగం మోస్తూ, సగం లాగుతూ గట్టెక్కాడు. వెనకాల ఆకుల మీద ఇంకొకరి అడుగులు… వీళ్ళు ఆగితే ఆగాయి. కాసేపటికి ఎటో పక్కకి తప్పుకున్నాయి.

గట్టు మీద వెర్న్ ఒక దుంగ మీద కూలబడ్డాడు. "నువ్వు పో. మోకాళ్ళు సహకరించవు. నిదానంగా వస్తా."

నోయెల్ ఆయన టోపీ తీసి తన జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు గానీ కదల్లేదు. తుపాకీలో తూటాలు తీసేసి, అడవి దాటి, గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సూర్యుడు వస్తున్నాడు. ఫోన్‌లో సిగ్నల్ వచ్చింది.

"లేచావా? డెమో ఎన్నింటికి?" అంది పర్సిస్ నిద్రగొంతుతో.

"పర్సీ. నేను హెర్న్‌డన్‌లో లేను."

 అంతా చెప్పేశాడు. జూడ్, అడవి, కూత, తుపాకీ, ట్రిగ్గర్ మీద వేలు. ముసలాయన రహస్యం ఒక్కటే చెప్పలేదు, అది తనది కాదు కాబట్టి. మిగిలింది ఏదీ దాచలేదు, చెప్తుంటే ఎక్కడ ఆపాలో తెలీక.

"చంపావా?" అంది.

"లేదు."

"దేన్నీ చంపలేదా?"

"దేన్నీ లేదు. ఎవర్నీ లేదు."

ఆ 'ఎవర్నీ' దగ్గర ఆమె ఊపిరి తడబడటం వినిపించింది. తర్వాత అంది — "అమ్మ రాత్రి మళ్ళీ లేచింది తెలుసా. నువ్వు దిగానని మెసేజ్ పెట్టలేదని. మోకరించి కూర్చుంది… ఆ విమానం కోసం."

నోయెల్ గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"నీతో మాట్లాడాలని లేదు నాకు," అంది పర్సిస్. "కానీ ఇంటికి రా."

ఫోన్ జేబులో పెట్టుకుని, జూడ్‌ని లేపి బయల్దేరదామని ఇంటివైపు నడిచాడు. వరండా మెట్ల మీద లొరెట్టా కూర్చుని బూట్లు విప్పుకుంటోంది. చెప్పి వెళ్దామని దగ్గరికెళ్ళాడు.

బూట్లు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. తెల్లటి జడలో, కొసన, పాలిపోయిన బీచ్ ఆకు ఒకటి ఇరుక్కుని ఉంది.

నోయెల్ అక్కడే ఆగిపోయాడు.

లొరెట్టా అతన్ని చూసింది. తొందరేమీ పడలేదు. వేలు నోట్లో పెట్టి, బుగ్గ లోపల్నుంచి ఒక చిన్న బిళ్ళ తీసి, ఏప్రన్‌కి తుడిచి, మెట్టు మీద పెట్టింది.

"రే నేర్పాడు," అంది. "పెళ్ళయిన కొత్తలో. తన కన్నా నేనే బాగా కూస్తానని చచ్చినా ఒప్పుకునేవాడు కాదు."

"మీరు… అక్కడే ఉన్నారా?"

"ఉన్నాను."

"నేను ఆయన్ని కాల్చేయబోయాను."

"చూశాను. ఆయన చెప్పిందీ విన్నాను."

ఆవిడ కళ్ళలో తడి లేదు, కోపం లేదు. నోయెల్‌కి గుర్తొచ్చింది — తను తుపాకీ గురిపెట్టి నిలబడినంతసేపూ చెట్టు వెనక ఆ గురగుర ఆగలేదు. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"ఆయన్నే అడగొచ్చు కదా," అన్నాడు నోయెల్. "ఇన్నేళ్ళు ఎందుకు…"

"అడిగితే ఏదో ఒకటి చెప్తాడు. దాన్నేం చేసుకోను?" జడలోంచి ఆకు తీసి వేళ్ళ మధ్య నలిపింది. "దానంతట అది రావాలి, హనీ. నువ్వు కూడా కూసేవాడివే కదా. నీకు తెలీదా?"

అడవి అంచున వెర్న్ కనిపించాడు. ఉత్త తలతో, ఎండకి కళ్ళు చికిలించుకుని, ఒక్కో అడుగే వేస్తూ ఇంటివైపు వస్తున్నాడు. లొరెట్టా ఆ రావడాన్ని చూస్తూ, పక్కనున్న రెండో కప్పులో కాఫీ పోసింది. అప్పుడు నోయెల్ వైపు కొంచెం వంగి, గుసగుసగా అడిగింది —

"ఈ ఏడైనా నా దగ్గర నోరు విప్పుతాడంటావా?"